రైల్‌రోడ్ కమిషన్ రనాఫ్‌కి వాలంటీర్‌గా దిగుతున్నారా? మార్చి నుంచి మే దాకా ఏం చెయ్యాలంటే

ముందు ఒక లెక్క చూడండి. 2016 మార్చి 1న టెక్సాస్ రిపబ్లికన్ ప్రైమరీలో, అంటే పార్టీ తన క్యాండిడేట్‌ని తేల్చుకునే ఎన్నికలో, 28 లక్షల మందికి పైగా ఓటేశారు, ప్రెసిడెంట్ రేస్ ఉంది కాబట్టి అంత జనం. అదే బ్యాలెట్ మీద కింద ఎక్కడో రైల్‌రోడ్ కమిషనర్ సీటు ఉంది, ఏడుగురు పోటీ, ఎవరికీ సగం రాలేదు, మొదటి స్థానంలో గ్యారీ గేట్స్, రెండో స్థానంలో వేన్ క్రిస్టియన్ రనాఫ్‌కి, అంటే మొదటి ఇద్దరి మధ్యే మళ్ళీ పెట్టే ఎన్నికకి, వెళ్ళారు. మే 24న రనాఫ్ పెడితే వచ్చింది 4 లక్షల మంది కూడా కాదు. మార్చిలో వెనకబడ్డ క్రిస్టియన్ మేలో ఇంచుమించు 51-49తో బయటపడ్డాడు. అంటే మార్చిలో ఓటేసిన ప్రతి ఏడుగురిలో ఆరుగురు మేలో ఇంట్లోనే ఉండిపోయారన్నమాట.

ఇది బుర్రలో పెట్టుకుంటే మిగతాదంతా సులువు. రనాఫ్ అంటే జనం మనసు మార్చే ప్రచారం కాదండీ, ఆల్రెడీ మనవైపు ఉన్నవాళ్ళకి "మళ్ళీ రండి" అని గుర్తు చేసే పని. మార్చిలో చేసిందే మేలో కూడా చేద్దాం, ఇంకా గట్టిగా చేద్దాం అనుకునేవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మీరు ఏ పార్టీ అన్నది ఈ గైడ్‌కి అనవసరం, పద్ధతి రెండు వైపులా ఒకటే. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్, కేటీ, షుగర్‌ల్యాండ్ వైపు ఉండి ఎవరో ఒక క్యాండిడేట్‌కి నిజంగా పని చేద్దాం అనుకునే మనవాళ్ళ కోసం రాస్తున్నా.

అసలు ఈ సీటేంటో ముందు మీకు తెలియాలి

మీరు ఫోన్ చేసిన పదిమందిలో తొమ్మిదిమంది "రైళ్ళా?" అనే అడుగుతారు, దానికి రెడీగా ఉండండి. ఈ కమిషన్ 1891లో రైళ్ళ కోసమే పెట్టారు, కానీ రైళ్ళకి సంబంధించి మిగిలిన ఆఖరి పని కూడా 2005లో వేరే డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళిపోయింది. ఇప్పుడు వీళ్ళు చూసేది ఆయిల్, గ్యాస్ బావుల పర్మిట్లు, పైప్‌లైన్ సేఫ్టీ, గ్యాస్ కంపెనీల రేట్లు, బొగ్గు, యురేనియం తవ్వకాలు, ఓనర్ పత్తా లేకుండా పోయిన పాత బావుల్ని పూడ్చడం, బావుల్లోంచి వచ్చే ఉప్పునీళ్ళని మళ్ళీ భూమిలోకి పంపే పర్మిట్లు. కమిషనర్లు ముగ్గురు, రాష్ట్రమంతా ఓటేసి ఎన్నుకుంటారు, పదవి ఆరేళ్ళు, సరిసంఖ్య సంవత్సరం వచ్చినప్పుడల్లా మామూలుగా ఒక సీటు బ్యాలెట్ మీదకొస్తుంది.

కరెంటు వీళ్ళ చేతిలో లేదు. ఇది బాగా గుర్తు పెట్టుకోండి. కరెంటు సంగతి చూసేది పబ్లిక్ యుటిలిటీ కమిషన్, అందులో మెంబర్లని గవర్నర్ నియమిస్తాడు, గ్రిడ్ నడిపేది ఎర్కాట్. కాబట్టి "మావాడు గెలిస్తే మీ కరెంటు బిల్లు తగ్గుతుంది" అని ఎవరికీ చెప్పకండి, మనవాళ్ళలో పవర్ సెక్టార్‌లో పనిచేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఒక్కడు పట్టుకుని గ్రూప్‌లో కడిగేశాడంటే మీ మాటకి ఇక విలువుండదు. చెప్పదగ్గ నిజం వేరే ఉంది. 2021 ఫిబ్రవరి చలి తుఫానులో కరెంటు ప్లాంట్లు ఆగడానికి గ్యాస్ సరఫరా పడిపోవడం కూడా ఒక పెద్ద కారణం, బావుల దగ్గర, ప్లాంట్ల దగ్గర గడ్డకట్టింది, రాష్ట్రం లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. ఆ గ్యాస్ వైపు చలికి తట్టుకునే ఏర్పాట్లు చేయించాల్సింది ఈ కమిషనే. అది చెప్పండి చాలు.

డెంటన్ వైపు ఉండేవాళ్ళకి ఇంకో మాట కూడా పనికొస్తుంది. అక్కడ 2014లో ఊరి జనం ఓటేసి ఫ్రాకింగ్ (భూమిలో రాళ్ళు చీల్చి ఆయిల్, గ్యాస్ తీసే పద్ధతి) ఆపేస్తే, 2015లో రాష్ట్రం చట్టం చేసి అలాంటి అధికారం ఊళ్ళకి చాలావరకు లేకుండా చేసింది. ఆ చట్టం మంచిదా చెడ్డదా అని మీరు వాదనకి దిగొద్దు, "ఇంటి వెనక బావి తవ్వాలంటే పర్మిట్ ఇచ్చేది ఈ ఆఫీసే" అంటే అవతలివాళ్ళకి సీటు విలువ అర్థమైపోతుంది.

ఇదంతా ఒక్క నిమిషంలో, మీ సొంత మాటల్లో, కాగితం చూడకుండా చెప్పడం వచ్చాకే ఫోన్ పట్టుకోండి. అద్దం ముందు కాదు, ఇంట్లో ఈ గొడవలేమీ పట్టని మనిషి ఎవరైనా ఉంటే వాళ్ళ ముందు చెప్పి చూడండి.

ఎవరు ఓటెయ్యొచ్చు, ఎవరు ఏం చెయ్యకూడదు

టెక్సాస్‌లో పార్టీ రిజిస్ట్రేషన్ అనేది లేదు. మార్చిలో ఏ పార్టీ బ్యాలెట్ తీసుకున్నారో, రనాఫ్‌లో కూడా అదే పార్టీ బ్యాలెట్ తీసుకోవాలి, మధ్యలో దూకడం కుదరదు. మార్చిలో అసలు ఓటెయ్యనివాళ్ళు మాత్రం మేలో ఏదో ఒక పార్టీ రనాఫ్‌లో ఓటెయ్యొచ్చు, ఈ సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలీదు, "మార్చిలో వెయ్యలేదు కదా, ఇంకెక్కడ వేస్తాం" అని వదిలేస్తుంటారు. అలాగే ఫిబ్రవరి తర్వాత సిటిజన్‌షిప్ ఓత్ తీసుకున్నవాళ్ళు, వీళ్ళు నా లెక్కలో బంగారం, ఎందుకంటే మొదటి ఓటు వెయ్యాలన్న ఉత్సాహం ఉంటుంది, ఏ పార్టీకీ ఇంకా కట్టుబడి లేరు. ఎన్నికకి 30 రోజుల ముందు లోపల రిజిస్టర్ అవ్వాలి, ఇక్కడ మామూలుగా ఆన్‌లైన్‌లో అవ్వదు, ఫామ్ నింపి సంతకం పెట్టి పోస్ట్ చెయ్యాలి లేదా కౌంటీ ఆఫీసులో ఇవ్వాలి. 2026 క్యాలెండర్ తీసుకుంటే ప్రైమరీ మార్చి 3, రనాఫ్ మే 26, రిజిస్ట్రేషన్‌కి ఆఖరు ఏప్రిల్ 27.

ఇప్పుడు వీసా సంగతి, దీన్ని మాత్రం ఒకటికి రెండుసార్లు చదవండి. ఓటు సిటిజన్లకి మాత్రమే. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళు ఓటెయ్యకూడదు కానీ క్యాంపెయిన్‌కి డబ్బు ఇవ్వొచ్చు, పని చెయ్యొచ్చు. హెచ్‌వన్‌బీ, హెచ్‌ఫోర్, స్టూడెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు డబ్బు ఒక్క డాలర్ కూడా ఇవ్వకూడదు, ఫెడరల్ చట్టం, రాష్ట్ర ఎన్నికలకి కూడా వర్తిస్తుంది. జీతం లేకుండా వాలంటీర్‌గా ఫోన్లు చెయ్యడం, తలుపులు కొట్టడం వరకు పర్లేదు, కానీ క్యాంపెయిన్ డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలి లాంటి నిర్ణయాల్లో వేలు పెట్టకూడదు. ఇంకోటి, డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో "ఓటరుగా రిజిస్టర్ అవుతారా" అని అడిగితే సిటిజన్ కానివాళ్ళు పరధ్యానంగా సరే అని టిక్ పెట్టకండి, తర్వాత ఇమ్మిగ్రేషన్‌లో అది మెడకి చుట్టుకుంటుంది. మీరు రిజిస్ట్రేషన్ ఫామ్‌లు పంచేటప్పుడు కూడా ముందు "సిటిజనేనా అండీ" అని అడిగాకే చేతికివ్వండి, మొహమాటపడితే అవతలివాళ్ళ జీవితం ఇబ్బందుల్లో పడుతుంది.

లిస్టే ప్రాణం

మార్చిలో ఎవరు ఏ పార్టీ బ్యాలెట్ తీసుకున్నారో టెక్సాస్‌లో పబ్లిక్ రికార్డ్. ఎవరికి వేశారో మాత్రం ఎవరికీ తెలీదు. క్యాంపెయిన్ వాళ్ళ దగ్గర ఈ డేటా ఉంటుంది, డెమొక్రాట్లయితే వోట్‌బిల్డర్, ఫోన్‌లో మినీవ్యాన్ యాప్, రిపబ్లికన్ల వైపు వాళ్ళ పార్టీ డేటా సెంటర్ లాంటివి. వాలంటీర్‌గా చేరిన మొదటి రోజే మీరు అడగాల్సింది టీషర్టు కాదు, "మా ప్రిసింక్ట్‌లో (మా ఓటింగ్ ఏరియాలో) మార్చిలో మన బ్యాలెట్ తీసుకున్నవాళ్ళ లిస్ట్ ఇవ్వండి" అని.

ఆ లిస్ట్ వచ్చాక మూడు కుప్పలు చేసుకోండి. మార్చిలో మన క్యాండిడేట్‌కే వేశామని నోటితో చెప్పినవాళ్ళు ఒక కుప్ప. ఓడిపోయిన మూడో, నాలుగో క్యాండిడేట్‌కి వేసినవాళ్ళు రెండోది, వీళ్ళని మాటల్లో తెలుసుకోవాల్సిందే. మార్చిలో రాకపోయినా ఎప్పుడూ నవంబర్ అసలు ఎన్నికలో ఓటేసేవాళ్ళు, కొత్త సిటిజన్లు మూడోది. మీ టైమ్‌లో సగం పైగా మొదటి కుప్ప మీదే పెట్టండి. వినడానికి వింతగా ఉంటుంది, ఆల్రెడీ మనవాళ్ళే కదా వాళ్ళకెందుకు ఫోన్లు అనిపిస్తుంది, కానీ పైన చెప్పిన 2016 లెక్క మళ్ళీ చూడండి, ఇంట్లో ఉండిపోయేది వాళ్ళే. 2022లో రిపబ్లికన్ ప్రైమరీకి 19 లక్షల పైచిలుకు వస్తే రనాఫ్‌కి దాదాపు సగమే వచ్చారు, అది కూడా అటార్నీ జనరల్ సీటుకి పెద్ద పోటీ ఉండబట్టి. పైన అలాంటి పెద్ద రేస్ లేని సంవత్సరమైతే ఇంకా పల్చన.

రెండో కుప్పతో ఒక జాగ్రత్త. వాళ్ళ క్యాండిడేట్‌ని ఒక్క మాట అనకండి, మార్చిలో మీరు వాట్సాప్‌లో ఏమన్నా అని ఉంటే అది వాళ్ళకి గుర్తుంటుంది. "మీ ఆయన బాగా పోటీ ఇచ్చారండీ, ఇప్పుడు మిగిలింది ఇద్దరే, మీకు ఈ సీటులో ఏది ముఖ్యం" అని అడిగి వినండి. పాత బావులు పూడ్చడమా, గ్యాస్ రేట్లా, పర్మిట్లు త్వరగా రావడమా, వాళ్ళు ఏది చెప్తే దాని మీదే మీ క్యాండిడేట్ ఏమన్నాడో చెప్పండి. ఆ విషయంలో మీ క్యాండిడేట్ ఏమీ అనలేదా, కనుక్కుని చెప్తానని చెప్పి నిజంగా కనుక్కుని మళ్ళీ ఫోన్ చెయ్యండి, రెండో ఫోన్‌కే ఓటు ఖాయం అవుతుంది చాలాసార్లు.

ఫోన్ ఎలా మాట్లాడాలంటే

స్క్రిప్ట్ ఇంగ్లీష్‌లో ఇస్తారు, దాన్ని పక్కన పెట్టి తెలుగులో మాట్లాడండి. ఒక మామూలు కాల్ ఇలా నడుస్తుంది:

"నమస్తే అంకుల్, పక్క సబ్‌డివిజన్ నుంచి మాట్లాడుతున్నా, మార్చిలో ఓటేశారు కదా, మే 26న మళ్ళీ ఉందండీ."

"మళ్ళీనా! మొన్నేగా వేశాం."

"అప్పుడు ఎవరికీ సగం రాలేదు అంకుల్, ఇప్పుడు ఇద్దరే మిగిలారు, రైల్‌రోడ్ కమిషనర్‌కి."

"రైళ్ళతో మనకేం పనమ్మా?"

"పేరే అది, చూసేది గ్యాస్, ఆయిల్. 2021లో చలికి కరెంటు పోయింది గుర్తుందా, అప్పుడు గ్యాస్ గడ్డకట్టింది కదా, ఆ ఆఫీసు."

"ఎందుకు గుర్తు లేదు, మీ ఆంటీ, నేను కార్లో హీటర్ వేసుకుని కూర్చున్నాం."

ఇక్కడ ఆగండి. ఇప్పుడు మీ క్యాండిడేట్ గురించి రెండే రెండు ముక్కలు చెప్పి, వెంటనే "అంకుల్, అంతకు ముందు వారం సోమవారం నుంచి శుక్రవారం దాకా ఎర్లీ ఓటింగ్ ఉంది, మీకు ఏ రోజు వీలవుతుంది?" అని అడగాలి. "చూద్దాంలేమ్మా" అంటే అది రాని ఓటు. "బుధవారం మనవరాల్ని డాన్స్ క్లాస్‌కి దింపుతా, అటు నుంచి వెళ్తా" అంటే వచ్చే ఓటు. రోజు, టైమ్, ఎవరితో వెళ్తారు, ఈ మూడూ వాళ్ళ నోటితోనే చెప్పించి లిస్ట్‌లో రాసుకోండి, బుధవారం పొద్దున్నే "అంకుల్ ఇవాళ డాన్స్ క్లాస్ రోజు" అని ఒక మెసేజ్. ఇంతకి మించిన టెక్నిక్ ఏ కన్సల్టెంట్ దగ్గరా లేదని నా నమ్మకం.

అన్నట్టు ఆంటీని కూడా అడగండి. మన ఇళ్ళల్లో ఫోన్ ఆయన ఎత్తుతాడు, ఓట్లు రెండుంటాయి, కొన్ని ఇళ్ళల్లో కాలేజీకెళ్ళే పిల్లలతో కలిపి నాలుగు కూడా. మేలో ఆ పిల్లలు సెలవులకి ఇంటికొచ్చేసి ఉంటారు, వాళ్ళకి విడిగా టెక్స్ట్ చెయ్యండి, నాన్న చెప్తే వినరు.

తలుపులు కొట్టడం

మే నెల టెక్సాస్ ఎండ సంగతి చెప్పక్కర్లేదు, సాయంత్రం ఐదున్నర తర్వాత, శనివారం పొద్దున పది నుంచి పన్నెండు, అంతే. లిస్ట్‌లో ఉన్న ఇళ్ళే కొట్టండి, పక్కింట్లో పేరు చూస్తే మనవాళ్ళలా ఉందని ఆగితే అక్కడ ఇరవై నిమిషాలు కాఫీ, ఏ ఊరు, ఏ కాలేజీ అని పోతుంది, ఆరోజు కోటా గోవిందా. రింగ్ కెమెరా ముందు మీరు మాట్లాడుకునేవి లోపల వినిపిస్తాయని గుర్తుంచుకోండి. ఇంట్లో లేకపోతే కార్డు మీద తేదీలు పెన్నుతో రాసి తలుపు సందులో పెట్టండి, మెయిల్‌బాక్స్‌లో మాత్రం వెయ్యకూడదు, అది పోస్టల్ వాళ్ళది.

యార్డ్ సైన్ల (ఇంటి ముందు పాతే బోర్డుల) గురించి అందరూ తెగ హడావిడి చేస్తారు, నా ఉద్దేశంలో రనాఫ్‌లో వాటి వల్ల ఉన్న ఉపయోగం ఒక్కటే, ఎన్నిక ఉందని జనానికి తెలుస్తుంది. అందుకే సైన్ మీద పేరు కంటే తేదీ పెద్దగా ఉండాలి. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ ఓనర్ల సంఘం) వాళ్ళు వచ్చి తీసెయ్యమంటే కంగారు పడొద్దు, ఎన్నికకి 90 రోజుల ముందు నుంచి మీ సొంత స్థలంలో పెట్టుకోవడాన్ని వాళ్ళు మొత్తంగా ఆపలేరు, సైజు, క్యాండిడేట్‌కి ఒక్కటే లాంటి షరతులు మాత్రం పెట్టొచ్చు. హైవే పక్క ఖాళీ స్థలంలో పాతడం తప్పు.

గుడి, సంఘం, వాట్సాప్ గ్రూప్

మనకి జనం దొరికేదే అక్కడ, చిక్కు వచ్చేదీ అక్కడే. గుళ్ళు, తెలుగు సంఘాలు చాలావరకు 501సీ3 సంస్థలు, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థలు, ఏ క్యాండిడేట్‌కీ సంస్థ తరఫున మద్దతు చెప్పకూడదు, సంఘం పేరుతో మెయిల్ పంపకూడదు, స్టేజ్ మీద "ఫలానా ఆయనకి వెయ్యండి" అని మైకులో చెప్పకూడదు. కార్యదర్శి మీ ఫ్రెండే అయినా సరే ఆయన్ని ఇరికించకండి. చెయ్యగలిగింది ఏంటంటే, ఇద్దరు క్యాండిడేట్లనీ సమానంగా పిలిచి ప్రశ్నలడిగే మీటింగ్, లేకపోతే ఎవరి పేరూ లేకుండా ఓటర్ రిజిస్ట్రేషన్ టేబుల్. మీరు సొంతంగా, మీ ఇంట్లో, పదిమందిని పిలిచి చాయ్ మీద క్యాండిడేట్‌ని పరిచయం చేస్తే దానికి ఏ అడ్డూ లేదు. నిజానికి ఈ సీటుకి పోటీ చేసేవాళ్ళు 254 కౌంటీలు తిరగాలి, టీవీ యాడ్‌లకి డబ్బు సరిపోదు, ముప్ఫైమంది గ్యారంటీగా వస్తారంటే చాలామంది సంతోషంగా వస్తారు, అడగడానికి సందేహించకండి.

వాట్సాప్‌లో పెద్ద గ్రూపుల్లో ఫార్వర్డ్‌లు కొడితే పనిచేసినట్టు ఉంటుంది తప్ప పని జరగదు. 2022 రనాఫ్‌లో వేన్ క్రిస్టియన్ మీద పోటీ చేసిన సారా స్టాగ్నర్ అంతకుముందు పంప్‌జాక్ (బావిలోంచి ఆయిల్ లాగే యంత్రం) ఎక్కి తీసిన చిన్న వీడియోతో దేశమంతా వార్తల్లోకి ఎక్కింది, మార్చిలో రెండో స్థానంలోకి వచ్చింది, కానీ మేలో దాదాపు 65-35తో ఓడిపోయింది. వీడియో చూసినవాళ్ళంతా టెక్సాస్ ఓటర్లు కాదు, ఓటర్లయినా రనాఫ్‌కి వచ్చేరకం కాదు. గ్రూప్‌లో ఒక్క మెసేజ్ పెట్టి, దానికి థంబ్సప్ పెట్టిన ప్రతి ఒక్కరికీ విడిగా మెసేజ్ చెయ్యండి, అదీ పద్ధతి.

డబ్బు

రాష్ట్ర పదవులకి టెక్సాస్‌లో వ్యక్తులు ఎంతైనా ఇవ్వొచ్చు, జడ్జీ పోటీలకి తప్ప పరిమితి లేదు. ఆయిల్, గ్యాస్ కంపెనీల పెద్దలు, ఈ కమిషన్ ముందుకి పర్మిట్లకి వచ్చేవాళ్ళు కూడా సొంత డబ్బు ఇవ్వొచ్చు, ఇది మంచిదా కాదా అన్నదే చాలాసార్లు ఈ సీటు రేసులో అసలు గొడవ. కార్పొరేషన్ డబ్బు మాత్రం క్యాండిడేట్‌కి ఇవ్వకూడదు, మనవాళ్ళలో కన్సల్టింగ్ కంపెనీలు ఉన్నవాళ్ళు అలవాటుగా కంపెనీ చెక్ రాసేస్తారు, తీసుకోకండి, పర్సనల్ చెక్ అడగండి. క్యాష్ అయితే ఒకే మనిషి దగ్గర ఒక రిపోర్టింగ్ పీరియడ్‌లో 100 డాలర్లు దాటకూడదు. ఇంకొకరి డబ్బుని మీ పేరు మీద ఇవ్వడం నేరం, "నాది హెచ్‌వన్ బ్రో, నీ కార్డు మీద ఇచ్చెయ్, నేను నీకు జెల్ యాప్‌లో డబ్బు పంపేస్తా" అన్నవాడికి నవ్వుతూ వద్దని చెప్పండి.

ఎవరి వెనక ఎవరున్నారో తెలుసుకోవాలంటే టెక్సాస్ ఎథిక్స్ కమిషన్ సైట్‌లో రిపోర్టులు అందరికీ కనిపిస్తాయి, రనాఫ్‌కి ఎనిమిది రోజుల ముందు ఒకటి ఫైల్ చెయ్యాలి. అది వచ్చిన రాత్రే కూర్చుని చదవండి, మీ క్యాండిడేట్‌ది కూడా, ఎందుకంటే రేపు పొద్దున ఫోన్‌లో ఎవరో ఒకరు దాని గురించే అడుగుతారు. అయితే డబ్బే అంతా అని బెంగ పెట్టుకోనక్కర్లేదు, 2020లో రయన్ సిటన్ పదవిలో ఉండి, చేతిలో లక్షల డాలర్లు పెట్టుకుని, దాదాపు ఏమీ ఖర్చు పెట్టని జిమ్ రైట్ చేతిలో ప్రైమరీలోనే ఓడిపోయాడు.

పెద్దవాళ్ళు, మెయిల్ బ్యాలెట్

65 ఏళ్ళు నిండినవాళ్ళు, అనారోగ్యం లేదా డిసెబిలిటీ ఉన్నవాళ్ళు, ఎర్లీ ఓటింగ్‌కీ ఎన్నిక రోజుకీ కౌంటీలో ఉండనివాళ్ళు మెయిల్‌లో ఓటెయ్యొచ్చు. అప్లికేషన్ ఎన్నికకి 11 రోజుల ముందే కౌంటీకి చేరాలి, 2026కి అయితే మే 15. జనవరిలోనే సంవత్సరం మొత్తానికి అప్లై చేసినవాళ్ళకి రనాఫ్ బ్యాలెట్ దానంతటదే వస్తుంది. అసలు తిప్పలు కవర్ దగ్గర. బ్యాలెట్ తిరిగి పంపే బయటి కవర్ మీద ఫ్లాప్ కింద డ్రైవింగ్ లైసెన్స్ నంబర్ లేదా సోషల్ సెక్యూరిటీ నంబర్ ఆఖరి నాలుగు అంకెలు రాయాలి, చాలామంది అది చూడరు. ఈ రూల్ కొత్తగా వచ్చాక 2022 మార్చిలో దాదాపు 12 శాతం మెయిల్ ఓట్లు, 24 వేలకి పైగా, చెత్తబుట్టలోకి పోయాయి. ఫోన్‌లో "ఆ ఫ్లాప్ ఎత్తి చూశారా ఆంటీ" అని అడగండి, రిజిస్టర్ అయినప్పుడు ఏ నంబర్ ఇచ్చారో గుర్తులేకపోతే రెండూ రాయమనండి. అంతవరకే, వాళ్ళ బ్యాలెట్‌ని మీరు ముట్టుకోవద్దు, "నేను పోస్ట్ చేసేస్తాలెండి" అని తీసుకోవద్దు, ఇక్కడ ఆ చట్టాలు చాలా గట్టివి.

ఇంగ్లీష్ చదవలేని తల్లిదండ్రులుంటే పోలింగ్ దగ్గర సాయానికి పిల్లలు వెళ్ళొచ్చు, బ్యాలెట్ తెలుగులో ఉండదు కదా. సాయం చేసేవాళ్ళు అక్కడ ప్రమాణం చేసి ఫామ్ మీద సంతకం పెట్టాలి, బూత్‌లో "నాన్నా దీనికి నొక్కు" అనకూడదు, ఆయన అడిగింది చదివి చెప్పాలి, అంతే. నడవలేనివాళ్ళకి కారు దగ్గరికే వచ్చి ఓటు వేయించుకుంటారు, దాన్ని కర్బ్‌సైడ్ అంటారు, ముందే ఫోన్ చేసి వెళ్తే ఎండలో ఎదురుచూపు తప్పుతుంది.

ఆ ఐదు రోజులు

మార్చికి రెండు వారాల ఎర్లీ ఓటింగ్ ఉంటుంది, రనాఫ్‌కి ఐదు రోజులే, సోమవారం నుంచి శుక్రవారం. 2026లో మే 18 నుంచి 22. మే 25 మెమోరియల్ డే, ఎన్నిక ఆ మర్నాడే, అంటే లాంగ్ వీకెండ్‌కి గాల్వెస్టన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో వెళ్ళి సోమవారం అర్ధరాత్రి ఇంటికి చేరి మంగళవారం ఆఫీసుకి పరిగెత్తేవాళ్ళు ఎన్నిక సంగతి మర్చిపోవడం ఖాయం. కాబట్టి "మే 26న ఓటెయ్యండి" అని ప్రచారం చెయ్యకండి, "శుక్రవారం లోపల వేసేసి ట్రిప్‌కి వెళ్ళండి" అని చెయ్యండి.

ఈ వారంలో రోజూ ఎవరు ఓటేశారో కౌంటీ మర్నాడు లిస్ట్ పెడుతుంది. రాత్రి కూర్చుని మీ లిస్ట్‌లో వేసేసినవాళ్ళ పేర్లు కొట్టెయ్యండి, మిగిలినవాళ్ళకే మర్నాడు ఫోన్. వేసేసినవాళ్ళకి మళ్ళీ ఫోన్ చేసి విసిగించకపోవడం కూడా ఒక మర్యాద, పైగా వాళ్ళకి "థ్యాంక్యూ అక్కా, మీ ఫ్రెండ్స్‌లో ఇంకెవరైనా వెయ్యనివాళ్ళు ఉన్నారా" అని ఒక మెసేజ్ పంపితే మీకో కొత్త వాలంటీర్ దొరుకుతుంది. చెప్పేటప్పుడు ఒక మాట తప్పకుండా కలపండి, బ్యాలెట్ మీద పైన ఉన్న పెద్ద పోటీకి నొక్కి వచ్చెయ్యొద్దు, కిందదాకా చూడండి అని. ఈ సీటు ఎప్పుడూ కిందే ఉంటుంది.

సెంటర్లు మార్చిలో ఉన్నన్ని ఉండవు. మార్చిలో ఓటేసిన లైబ్రరీ ఈసారి మూసి ఉండొచ్చు. ఎర్లీ ఓటింగ్‌లో కౌంటీలో ఏ సెంటర్‌కైనా వెళ్ళొచ్చు, ఎన్నిక రోజు మాత్రం కొన్ని చోట్ల మీ ప్రిసింక్ట్‌కే వెళ్ళాలి, కౌంటీ సైట్‌లో చూసి అడ్రస్ కాపీ చేసి పంపండి, లింక్ పంపితే ఎవరూ నొక్కరు. ఫోటో ఐడీ గుర్తు చెయ్యండి, టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్స్, యూఎస్ పాస్‌పోర్ట్ లాంటివి, 70 దాటనివాళ్ళకి ఎక్స్‌పైర్ అయి నాలుగేళ్ళ లోపు అయినా చెల్లుతుంది.

ఎన్నిక రోజు

పోలింగ్ పొద్దున 7 నుంచి రాత్రి 7. తలుపు నుంచి 100 అడుగుల లోపల ప్రచారం చెయ్యకూడదు, క్యాండిడేట్ పేరున్న టీషర్టు, టోపీ, బ్యాడ్జీ కూడా ప్రచారమే, మీరు ఓటు వెయ్యడానికి వెళ్ళినా సరే లోపల చొక్కా తిప్పి తొడుక్కోవాల్సి వస్తుంది. ఆ గీత లోపల ఫోన్ కూడా తియ్యకూడదు, ఎవరికి వెయ్యాలో కాగితం మీద రాసుకుని తీసుకెళ్ళమని ముందే చెప్పండి. గీత బయట గొడుగు, కూలర్‌లో నీళ్ళు, నవ్వు మొహం, ఇవి ఉంటే చాలు. అవతలి క్యాండిడేట్ వాలంటీర్ కూడా అక్కడే ఎండలో నిలబడి ఉంటాడు, ఆయనకీ ఒక బాటిల్ ఇవ్వండి, నవంబర్‌లో ఇద్దరూ ఒకే టెంట్ కింద పని చెయ్యాలి. పైగా 1994 తర్వాత 2024 దాకా టెక్సాస్‌లో రాష్ట్రమంతా ఓటేసే ఏ పదవికీ డెమొక్రాట్ గెలవలేదు కాబట్టి రిపబ్లికన్ రనాఫ్ అయితే చాలాసార్లు సీటు అక్కడే తేలిపోతుంది, డెమొక్రాట్ల రనాఫ్ అయితే గెలిచినవాళ్ళకి నవంబర్‌కి ప్రతి చెయ్యీ కావాలి.

సాయంత్రం 4 తర్వాత సెంటర్ దగ్గర నిలబడేవాళ్ళని తగ్గించి ఫోన్ల మీద కూర్చోబెట్టండి, ఆఫీసు నుంచి ఇంటికెళ్ళే దారిలో వేసేవాళ్ళు అప్పుడే దొరుకుతారు. 6:50కి ఎవరైనా పార్కింగ్‌లోనే ఉన్నామంటే కారు వదిలేసి పరిగెత్తమనండి, 7 గంటలకి లైన్‌లో ఉన్నవాళ్ళందరికీ ఓటు వెయ్యనివ్వాలి, తలుపు దగ్గర ఎవరైనా అయిపోయిందని చెప్పినా లైన్ వదలొద్దని చెప్పండి.

7:05కి కౌంటీ సైట్‌లో ఎర్లీ ఓట్ల లెక్క పడుతుంది, దాన్ని చూసుకుంటూ యార్డ్ సైన్లు పీక్కురండి, 10 రోజులు దాటితే హెచ్‌ఓఏ వాళ్ళ లెటర్ వస్తుంది.